నెట్‌వర్క్‌కు నియమాలా, ఆడపిల్లలకు తాళాలా?

మా ప్రాంతంలోని కళాశాలల్లో, హాస్టళ్లలో నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపిస్తోంది. "కంప్యూటర్ నెట్‌వర్క్ బాధ్యతాయుత వినియోగం: విద్యార్థుల నియమావళి" అని పైన పెద్ద అక్షరాలు ఉంటాయి. కింద పదో పదిహేనో నిబంధనలు. మహిళా సంఘం పని మీద వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్ చుట్టూ తిరిగే నేను ఇలాంటి కాగితాలు కొన్ని చదివాను. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఒక్కటే. విద్యార్థి ఏం చేయకూడదో అందులో ఉంటుంది. విద్యార్థికి ఏం హక్కు ఉందో ఉండదు. యాజమాన్యం ఏం చేయాలో అసలే ఉండదు. ఇక ఆడపిల్లల హాస్టల్ గోడ మీది కాగితంలో మగపిల్లల హాస్టల్లో లేని నిబంధనలు అదనంగా ఉంటాయి. రాత్రి తొమ్మిదికల్లా వైఫై బంద్. ఫోన్లు వార్డెన్‌కు అప్పగించాలి. అడిగినప్పుడు ఫోన్ తెరిచి చూపించాలి.

దీనికి వాళ్లు పెట్టిన పేరు బాధ్యత. ఎవరి బాధ్యత? ఎవరి పట్ల బాధ్యత? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండానే ఆ కాగితం మీద మన అమ్మాయిలతో సంతకం పెట్టిస్తున్నారు. పెట్టకపోతే గది ఉండదు, సీటు ఉండదు. పెట్టాక "మీరే ఒప్పుకున్నారు కదా" అంటారు. ఇది ఒప్పందం కాదు, జబర్దస్తీ.

నియమాలే వద్దని నేను అనడం లేదు. వందల మంది ఒకే లైను వాడుకునే చోట కట్టుబాటు లేకపోతే బలమున్నవాడిదే రాజ్యం అవుతుంది. ఊరి బావికి కట్టుబాటు ఉన్నట్టే దీనికీ ఉండాలి. అయితే ఊరి బావి కట్టుబాట్లు ఎవరు పెట్టారో, ఎవరిని బావి దగ్గరికి రానివ్వలేదో మనకు బాగా తెలుసు. అందుకే నియమం అనే మాట వినగానే దాన్ని ఎవరు రాశారు, ఎవరి మీద రాశారు అని అడగడం మనకు అలవాటు కావాలి.

ఒకే ఫీజు, రెండు గడియారాలు

మగపిల్లల హాస్టల్లో తెల్లవార్లూ నడిచే నెట్‌వర్క్ ఆడపిల్లల హాస్టల్లో తొమ్మిదికే ఎందుకు ఆగిపోవాలి? ఫీజు ఒక్కటే. సిలబస్ ఒక్కటే. పరీక్ష ఒక్కటే. సాయంత్రం లాబ్ మూసేశాక మగపిల్లవాడు స్నేహితుడి రూముకు పోతాడు, నెట్ సెంటర్‌కు పోతాడు, బస్టాండ్ దగ్గర కూర్చుని అయినా పని పూర్తి చేసుకుంటాడు. ఆడపిల్లకు గేటు ఆరింటికే పడుతుంది. లోపల ఉన్న ఒక్క దారిని కూడా తొమ్మిదికి మూస్తే ఆమె ఏ వేళకు చదువుకోవాలి?

చదువు సంగతి అలా ఉంచి మా ప్రాంతపు బతుకు సంగతి చూడండి. ఇక్కడ ఎన్నో ఇళ్లలో తండ్రో, అన్నో దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక. అక్కడి కూలి మనిషి పని దిగి, క్యాంపుకు చేరి, వండుకుని తిని, బిడ్డతో నాలుగు మాటలు మాట్లాడదామని ఫోన్ తీసేసరికి అక్కడ ఎనిమిదిన్నర. ఇక్కడ పది. హాస్టల్లో నెట్ ఆగిపోయి అప్పటికి గంట. ఏళ్ల తరబడి ముఖం చూడని తండ్రితో మాట్లాడటం ఏ నియమావళి ప్రకారం బాధ్యతారాహిత్యం?

నెట్ అంటే సినిమాలు, కబుర్లు అనుకునే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరీక్ష ఫీజు, హాల్ టికెట్, ఉద్యోగ ప్రకటన, ప్రవేశ పరీక్ష ఫలితం అన్నీ ఇప్పుడు అందులోనే. అయినా మన ఆడవాళ్లలో ఎంతమందికి అది అందుతోంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 33.3 శాతం, పురుషులు 57.1 శాతం. హైటెక్ రాష్ట్రమని చెప్పుకునే తెలంగాణలో స్త్రీలు 26.5 శాతమే. అంటే నలుగురిలో ముగ్గురు ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు. ఇంట్లో ఫోన్ మొదట మగపిల్లవాడి చేతికే వస్తుంది. చాలామంది ఆడపిల్లలకు తమ పేరుతో ఒక ఖాతా, తమ చేతికి ఒక కీబోర్డు దొరికే మొదటి చోటు కళాశాలే. అక్కడ కూడా తాళం వేస్తే ఇక ఎక్కడ?

2020 నవంబర్‌లో షాద్‌నగర్‌కు చెందిన ఒక అమ్మాయి మరణించింది. ఢిల్లీలో పేరున్న మహిళా కళాశాలలో గణితం చదువుతోంది. కరోనా కాలంలో చదువంతా ఆన్‌లైన్‌కు మారింది. లాప్‌టాప్ లేదు. రావలసిన స్కాలర్‌షిప్ చేతికి అందలేదు. ఇంటికి భారమయ్యానని రాసి ప్రాణం తీసుకుంది. నెట్‌వర్క్ అందడం, అందకపోవడం విలాసం సంగతి కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? బాధ్యతాయుత వినియోగం గురించి మాట్లాడే ఏ కాగితమైనా మొదట ఆ వినియోగం అందరికీ అందేలా చూసే బాధ్యత గురించి మాట్లాడాలి.

తప్పు ఒకడిది, శిక్ష ఒకతెకు

మా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. ఊరి పేరు, కళాశాల పేరు చెప్పను. ఆ అమ్మాయికి ఇంకా అక్కడ చదువు మిగిలి ఉంది.

డిగ్రీ రెండో సంవత్సరం. లాబ్‌లో ముగ్గురికి ఒక కంప్యూటర్. ఒకరి లాగిన్‌తోనే ముగ్గురూ పని చేసుకోండని లాబ్‌లో చెప్పిన మనిషే చెప్పాడు. తోటి విద్యార్థి ఒకడు ఆమె పాస్‌వర్డ్ చూసి గుర్తుపెట్టుకున్నాడు. తర్వాత ఆమె ఖాతాలోంచి ఇద్దరు లెక్చరర్లకు, తరగతిలో సగం మందికి బూతు సందేశాలు పంపాడు. ఎవరు చేశారో రెండు రోజుల్లోనే బయటపడింది. అయినా లాబ్‌కు రావద్దని నోటీసు అందుకున్నది ఆమె. ఎందుకని అడగడానికి మేము ముగ్గురం వెళ్లాం. ప్రిన్సిపాల్ గారు నియమావళి తీసి చూపించారు. "ఖాతా నుంచి జరిగే ప్రతి పనికీ ఖాతాదారే బాధ్యులు. ఆరో నిబంధన చూడండి మేడం. అబ్బాయి సంగతి అంటారా, వయసు, తెలిసీ తెలియక చేశాడు. ఉత్తరం రాసిచ్చాడు."

సమాచార సాంకేతిక చట్టం 66–సి సెక్షన్ ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటాన్ని నేరమని చెబుతోంది. 3 సంవత్సరాల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. దేశపు చట్టం నేరస్థుడని వేలెత్తి చూపినవాణ్ణి కళాశాల నియమం పిల్లవాడిగా చూసింది. చట్టం బాధితురాలన్న పిల్లను ముద్దాయిని చేసింది. ముగ్గురికి ఒక యంత్రం ఇచ్చి, లాగిన్ పంచుకోమని చెప్పిన యాజమాన్యం ఊసే ఆ కాగితంలో లేదు.

ఆ పిల్ల తల్లి బీడీలు చేస్తుంది. ఆమె అన్న మాటలు నాకింకా వినపడుతున్నాయి. "గీ చదువు మాకెందుకక్కా? పోరి పేరు ఖరాబైతే రేపు ఎవడు చేస్కుంటడు? మ్యానమామ కొడుకున్నడు, ఇచ్చి చేతులు కడుక్కుంటం." నోటీసు వెనక్కి తీసుకునేదాకా మేము నాలుగు సార్లు తిరిగాం. తల్లిని ఒప్పించడానికి అంతకు రెట్టింపు తిరిగాం. పిల్ల పరీక్షలు రాసింది. తిరిగే మనుషులు లేని ఊళ్లో ఏమై ఉండేదో మీరే ఊహించండి. ఒక ఆడపిల్ల మీద నెట్‌వర్క్ నియమం విధించే శిక్ష లాబ్ గుమ్మం దగ్గర ఆగదు. అది ఇంటిదాకా వస్తుంది, పెండ్లి పందిరి దాకా పోతుంది.

యంత్రానికి తగిలిన దెబ్బే దెబ్బ

ఇది మన దగ్గరి వెనకబాటుతనం అనుకుంటే పొరపాటు. కళాశాల ఆవరణల్లోకి నెట్‌వర్క్‌లు మనకంటే చాలా ముందు వచ్చిన అమెరికాలో ఈ గొడవలూ ముందే వచ్చాయి. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ సేవ మొదలైంది 1995 ఆగస్టు 15న. ఆ ఏడాది జనవరిలోనే మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు తన తరగతి అమ్మాయి పేరు పెట్టి, ఆమెను చెరచి హింసించినట్టు కథ రాసి నెట్‌వర్క్‌లో పెట్టాడు. అరెస్టు చేశారు. కేసు నడిచింది. అదే ఏడాది జూన్‌లో న్యాయమూర్తి కేసు కొట్టేశారు. అది నిజమైన బెదిరింపు కిందికి వస్తుందా రాదా అన్నదే కోర్టు ముందున్న ప్రశ్న. తన పేరు అలా వాడుకున్నందుకు ఆ అమ్మాయికి జరిగిన హానికి ఆ ప్రశ్నలో చోటు లేదు.

2003 చివర హార్వర్డ్‌లో ఒక విద్యార్థి విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లోంచి తోటి విద్యార్థుల ఫోటోలు వాళ్లకు తెలియకుండా తీసి, రెండేసి ముఖాలు పక్కపక్కన పెట్టి ఎవరు అందగత్తె అని ఓట్లు వేయించాడు. అతనే మార్క్ జుకర్‌బర్గ్. తర్వాత కొద్ది నెలలకు ఫేస్‌బుక్ పెట్టినవాడు. అతని మీద వచ్చిన అభియోగాలు నెట్‌వర్క్ భద్రతను ఉల్లంఘించడం, కాపీరైట్, వ్యక్తుల గోప్యత. అక్కడి మహిళా విద్యార్థి సంఘాలు గట్టిగా నిలదీశాయి. అతన్ని కళాశాల నుంచి పంపించలేదు. ఆడవాళ్ల ముఖాలను సంతలో సరుకులా నిలబెట్టడం అనే అసలు నేరానికి ఆ అభియోగాల జాబితాలో పేరే లేదు.

మన దేశానికి వద్దాం. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి ముస్లిం మహిళల ఫోటోలు పెట్టి "వేలం" నడిపారు. పాత్రికేయులు, విద్యార్థినులు, ఉద్యమకారులు ఆ జాబితాలో ఉన్నారు. హైదరాబాదుకు చెందిన అరవై దాటిన సామాజిక కార్యకర్త ఫోటో కూడా ఉంది. రెండో కేసులో అరెస్టయిన వాళ్లలో ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. మతద్వేషం, స్త్రీద్వేషం కలిసి కంప్యూటర్ చదువును ఆయుధం చేసుకున్నాయి. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చాక ఒక్క ముఖం ఫోటో ఉంటే చాలు, నగ్న చిత్రం తయారవుతుంది.

ఇలాంటి నేరాల గురించి మన కళాశాలల నియమావళిలో ఏముంది? వైరస్ గురించి ఉంటుంది. పెద్ద ఫైళ్లు దింపుకుని లైను నింపొద్దని ఉంటుంది. కీబోర్డు విరిగితే ఎంత కట్టాలో ఉంటుంది. తోటి అమ్మాయి ఫోటో ఆమె అనుమతి లేకుండా తీయొద్దని, మార్చొద్దని, పంచొద్దని సూటిగా రాసిన కాగితం నా కంట పడలేదు. యంత్రానికి తగిలితే దెబ్బ, మనిషికి తగిలితే "పర్సనల్ విషయం".

సంస్థ ప్రతిష్ఠ అనే కొరడా

ప్రతి నియమావళిలోనూ తప్పకుండా ఉండే నిబంధన ఒకటుంది: "సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించే, అనుచితమైన విషయాలు నెట్‌వర్క్‌లో పెట్టరాదు." ప్రతిష్ఠ అంటే ఏమిటి? అనుచితం ఏది? ఎవరు తేలుస్తారు? కాగితంలో ఉండదు. సాంబారులో పురుగు వచ్చిందని ఫోటో పెడితే ప్రతిష్ఠకు భంగం. లెక్చరర్ వేధించాడని రాస్తే ప్రతిష్ఠకు భంగం.

ఇంత అస్పష్టమైన మాటలతో దేశానికే ఒక చట్టం ఉండేది. సమాచార సాంకేతిక చట్టంలోని 66–ఏ. 2012 నవంబర్‌లో బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ప్రశ్నించినందుకు మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. ఒకరు రాశారు, ఇంకొకరు దాన్ని మెచ్చుకున్నారు, అంతే. శ్రేయా సింఘాల్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. చిరాకు కలిగించడం, అసౌకర్యం కలిగించడం లాంటి హద్దూ పద్దూ లేని మాటలతో భావప్రకటన స్వేచ్ఛను నేరం చేయడం కుదరదని చెప్పింది. పార్లమెంటు చేసిన చట్టానికే లేని అధికారం కరస్పాండెంట్ గారి నోటీసుకు ఎక్కడి నుంచి వచ్చింది?

మన కళ్ల ముందు బాసర ఉంది. అక్కడి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో పల్లెటూరి పేద పిల్లల కోసమని మొదలైంది. ప్రతి విద్యార్థికీ లాప్‌టాప్, కంప్యూటర్ మీదే చదువు అనే మాటతో పెట్టిన సంస్థ అది. 2022 జూన్ 14 నుంచి అక్కడి విద్యార్థులు, అందులో వేలాది ఆడపిల్లలు, వారం రోజులు ఎండలో, వానలో గేటు లోపల బైఠాయించారు. 12 డిమాండ్లు. పూర్తికాలపు వైస్ ఛాన్సలర్ కావాలి. లాప్‌టాప్‌లు కావాలి. పడుకోవడానికి మంచాలు, వేసుకోవడానికి యూనిఫాంలు కావాలి. బయటివాళ్లను లోపలికి పోనివ్వలేదు. ఆ పిల్లల మాట లోకానికి చేరింది ఎలా? చేతిలోని ఫోన్లతోనే. వాళ్లు ట్విట్టర్‌లో పెట్టినదానికే మంత్రి కేటీఆర్ జవాబివ్వాల్సి వచ్చింది. 20వ తేదీ రాత్రి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి స్వయంగా వచ్చి కూర్చుని మాట్లాడాకే వాళ్లు లేచారు. "ప్రతిష్ఠకు భంగం" నిబంధన ప్రకారం చూస్తే ఆ వేలాది మందీ బాధ్యతారహితులే. నేను మాత్రం ఆ వారం రోజులూ నెట్‌వర్క్‌ను అంతకంటే బాధ్యతగా వాడిన వాళ్లను చూడలేదంటాను.

కాపలా పేరుతో నిఘా

"అడిగినప్పుడు ఫోన్ తెరిచి చూపించాలి" అన్న నిబంధనకు వద్దాం. ఒక స్త్రీ ఇంటర్నెట్‌లో, ఈమెయిల్‌లో ఏం చేస్తోందో ఒక పురుషుడు కనిపెట్టి చూడటం వెంటాడి వేధించడం కిందికి వస్తుందని 2013లో నేర చట్టాన్ని సవరించి చేర్చారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లోనూ ఆ మాట ఉంది. వీధిలో పోకిరి చేస్తే నేరమైన పని హాస్టల్ ఆఫీసులో కూర్చుని చేస్తే క్రమశిక్షణ ఎలా అవుతుంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. హాస్టల్లో చేరేనాడు ఆ హక్కును గేటు దగ్గర విడిచి రావాలని ఎక్కడా చెప్పలేదు.

సరిగ్గా ఈ నియమం మీదే కేరళలో ఒక అమ్మాయి పోరాడింది. కోళికోడ్ జిల్లా చేళన్నూరులోని కళాశాల హాస్టల్లో ఆడపిల్లలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఫోన్ వాడకూడదన్నారు. తర్వాత దాన్ని సాయంత్రం 6 నుంచి రాత్రి 10కి మార్చారు. అంటే సరిగ్గా చదువుకునే వేళకు. ఫహీమా షిరిన్ ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. 2019 సెప్టెంబర్ 19న జస్టిస్ పి.వి. ఆశ తీర్పు ఇచ్చారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన గోప్యత హక్కులో భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమన్నారు. ఈ తీర్పు ప్రతి ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ బల్ల మీద ఉండాలి. లేదు కాబట్టి మనమే పట్టుకెళ్లాలి.

యు.జి.సి. సంగతీ చూడండి. లైంగిక వేధింపుల నివారణ మీద 2015లో చేసిన నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది: విద్యార్థినుల భద్రతను సాకుగా చూపి మగపిల్లలకు లేని వివక్షాపూరిత నియమాలు ఆడపిల్లల హాస్టళ్లలో పెట్టకూడదు. తొమ్మిది గంటల వైఫై నిబంధన ఆ మాటకు నేరుగా విరుద్ధం.

మూడు అభ్యంతరాలు

మొదటిది తల్లిదండ్రులది. "అక్కా, రోజూ పేపర్ల ఏం చూస్తున్నం? పిల్లలు ఆగమైతున్నరు" అంటారు. ఈ భయాన్ని నేను తీసిపారేయను. ప్రేమ పేరుతో ఫోటోలు రాబట్టి బెదిరించేవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ ఆలోచించండి. ఫోన్ గుంజుకుంటారని, చదువు మాన్పిస్తారని భయపడే పిల్ల మొదటి బెదిరింపు వచ్చిన రోజు మీకు చెబుతుందా? చెప్పదు. బెదిరించేవాడికి బలం ఆమె మౌనమే. ఆ మౌనాన్ని పెంచేది మీరు వేసే తాళమే. రాజన్న గుడిలో కోడెను కడితే మొక్కు తీరుతుంది. ఆడపిల్లను కట్టేస్తే మన బాధ్యత తీరదు.

రెండోది యాజమాన్యాలది. లైను ఖర్చు, చట్టం చిక్కులు, సిబ్బంది కొరత అంటారు. ఖర్చు నిజమే అయితే రెండు హాస్టళ్లకూ ఒకే కొలత పెట్టండి. మనిషికి ఇంత అని పంచండి. దానికి ఆడా మగా తేడా అక్కర్లేదు.

మూడోది మన పక్కన నడిచే కొందరు విద్యార్థి మిత్రులది. ఏ నియమమైనా స్వేచ్ఛకు గొడ్డలిపెట్టే అంటారు వాళ్లు. అయ్యా, మీ స్వేచ్ఛ మాకూ కావాలి. 66–ఏ మీద గెలిచిన దాంట్లో మాకూ వాటా ఉంది. కానీ తరగతి గ్రూపులో తన మీద అశ్లీలపు బొమ్మ చూసుకుని నోరు మూసుకున్న అమ్మాయి భావప్రకటన స్వేచ్ఛ ఎక్కడ పోయింది? యాజమాన్యాన్ని విమర్శించే హక్కు, తోటి విద్యార్థినిని అవమానించే హక్కు రెండూ ఒకటి కావు. మొదటిదాని కోసం మీతో కలిసి ధర్నాలో కూర్చుంటాం. రెండోదాన్ని హక్కు అనడానికే ఒప్పుకోం.

ఎలాంటి నియమాలు కావాలి?

విమర్శించి ఊరుకోవడం మన పద్ధతి కాదు. చర్చ కోసం కొన్ని ప్రతిపాదనలు ముందు పెడుతున్నాను.

1. నియమావళిని విద్యార్థి ప్రతినిధులు, అందులో సగం మంది ఆడపిల్లలు, కూర్చుని రాయాలి. తెలుగులో, ఉర్దూలో అర్థమయ్యే మాటల్లో ఉండాలి. అర్థం కాని కాగితం మీద సంతకం తీసుకోకూడదు.

2. వేళలు, కొలతలు ఆడా మగా హాస్టళ్లకు ఒక్కటే. ఒక హాస్టల్లో లేని నిబంధన ఇంకో హాస్టల్లో ఉండకూడదు.

3. ఇంకొకరి ఖాతా వాడటం, అనుమతి లేకుండా ఫోటో లేదా వీడియో తీయడం, మార్చడం, పంచడం, పదేపదే సందేశాలతో వెంటపడటం, కులం పేరుతో మతం పేరుతో తిట్టడం: వీటిని పేరుపేరునా నిషేధించాలి. "అనుచితం", "ప్రతిష్ఠ" అనే మాటలు కొట్టేయాలి.

4. పాస్‌వర్డ్ దొంగిలించబడిన వాళ్లను శిక్షించకూడదు. ఒక్కొక్కరికి ఒక లాగిన్ ఇవ్వడం, లాబ్‌లో సరిపడా యంత్రాలు పెట్టడం యాజమాన్యం బాధ్యత అని అదే కాగితంలో రాయాలి.

5. వ్యక్తిగత ఫోన్లు, సందేశాలు తెరిచి చూసే అధికారం ఎవరికీ లేదు. నెట్‌వర్క్ రికార్డులు ఏవేవి దాస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, ఎవరు చూడొచ్చు అన్నది ముందే చెప్పాలి.

6. లైంగిక వేధింపు ఫిర్యాదు లాబ్ ఇన్‌చార్జికి, వార్డెన్‌కు కాదు, నేరుగా అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్లాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలని నిబంధనల్లోనే ఉంది. ఫిర్యాదు చేసినామె నెట్‌వర్క్ వాడకాన్ని ఆ కాలంలో ఆపకూడదు.

7. శిక్ష వేసే ముందు చెప్పుకునే అవకాశం, వేసిన తర్వాత అప్పీలు చేసుకునే అవకాశం ఉండాలి. ధర్నా జరుగుతోందని, సమ్మె జరుగుతోందని నెట్ ఆపకూడదు.

ఆరో అంశం దగ్గర ఆగి ఒక్క మాట. 2024 ఆగస్టు చివర కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కళాశాల ఆడపిల్లల హాస్టల్లో రహస్య కెమెరాలు పెట్టారన్న ఆరోపణతో విద్యార్థినులు అర్ధరాత్రి ఆందోళనకు దిగారు. కెమెరాలేవీ దొరకలేదని తర్వాత పోలీసులు చెప్పారు. ఆ రాత్రి మాత్రం అంతమంది ఆడపిల్లలు భయంతో బయటికి వచ్చి కూర్చోవాల్సి వచ్చింది. తలుపు తట్టి చెప్పుకోదగ్గ కమిటీ ఒకటి ఉందని, అది తమ మాట వింటుందని ఆడపిల్లలకు నమ్మకం ఉన్న చోట నిజమైతే వెంటనే తేలుతుంది, పుకారైతే వెంటనే ఆగుతుంది. నమ్మకం లేని చోట రెండూ కార్చిచ్చే.

ఇప్పుడు మన పని

యు.జి.సి. నిబంధనల ప్రకారం ఆ కమిటీలో సగానికి తగ్గకుండా స్త్రీలు ఉండాలి. కేసు విద్యార్థులకు సంబంధించినదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు ఉండాలి. మహిళల కోసం పనిచేసే సంస్థ నుంచి బయటి సభ్యురాలు ఒకరు ఉండాలి. ఈ పత్రిక చదివే మీలో చాలామంది ఆ కుర్చీలో కూర్చోవడానికి అర్హులు. మీ మండలంలోని కళాశాలలో ఆ బయటి సభ్యురాలు ఎవరో మీకు తెలుసా? వెళ్లి అడగండి. కమిటీ ఉందా, గోడ మీద పేర్లు రాశారా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని అడగండి. కాగితం మీద మాత్రమే కనిపించే కమిటీలు, యజమాని బంధువునే బయటి సభ్యురాలిగా చూపించే కమిటీలు ఉంటాయి. అక్కడ మన మనుషులు ఉండాలని పట్టుబట్టండి.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇప్పుడు కళాశాలలకు కొదవ లేదు. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం, జగిత్యాలలో, మంథనిలో, సిరిసిల్లలో జె.ఎన్.టి.యు. కళాశాలలు, బాసరలో ట్రిపుల్ ఐటీ, ఊరూరా ప్రైవేటు డిగ్రీ కళాశాలలు, సంక్షేమ హాస్టళ్లు ఉన్నాయి. ఒక్కో కార్యకర్త ఒక్కో హాస్టల్‌కు వెళ్లి నోటీసు బోర్డు మీది నియమావళి నకలు తీసుకురండి. ఆడపిల్లల హాస్టల్‌ది ఒకటి, మగపిల్లల హాస్టల్‌ది ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా ఉన్న ప్రతి చోటా ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ప్రశ్న ఇద్దాం. నకలు కలెక్టర్‌కు, మహిళా కమిషన్‌కు పంపుదాం. కేరళ తీర్పు ప్రతిని దానికి జత చేద్దాం.

మన తల్లులకు అక్షరం అందకుండా చేసినవాళ్లు కూడా అది వాళ్ల మేలు కోసమే అన్నారు. చదువుకున్న ఆడది చెడిపోతుందన్నారు. ఉత్తరాలు రాస్తుందన్నారు. ఇప్పుడు అక్షరం స్థానంలో నెట్‌వర్క్ వచ్చింది, మాట మాత్రం మారలేదు. నియమాలు రాయండి, మేమూ కూర్చుని రాస్తాం. కానీ ఆ కాగితం మీద మొదటి సంతకం యాజమాన్యానిది కావాలి.